తెల్లసూటు మట్టిమనిషి

సినిమా మొదలైన కాసేపటికి తెర నిండా ఒక చెయ్యి కనిపిస్తుంది. వేళ్ల మధ్య తడి మట్టిముద్ద. సన్నని కత్తి మొన దాని మీద జరుగుతుంటే నుదురు తేలుతుంది, చెంపలు లోపలికి దిగుతాయి, పెదవుల చోట ఒక గీత పడుతుంది. ఆ తర్వాత కుంచె వస్తుంది. కోటుకు తెల్లరంగు, టైకి ముదురు రంగు. అరచేతిలో ఇమిడే ఆ బొమ్మ తన తండ్రి అని వెనకనుంచి ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతులో ఏడుపు లేదు. నలభై ఏళ్లుగా తెలిసిన సంగతిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్న నెమ్మది మాత్రం ఉంది.

కంబోడియా దర్శకుడు రితీ పాన్ 2013లో తీసిన ‘ద మిస్సింగ్ పిక్చర్’ ఇది. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగం బహుమతి గెలుచుకుంది. తర్వాత ఆస్కార్ పోటీలో ఉత్తమ విదేశీ భాషా చిత్రాల తుది జాబితాకూ చేరింది. ఆ వివరాలు పక్కన పెడదాం. మారణహోమం మీద వచ్చిన సినిమాల్లో నన్ను ఇంతగా కదిలించినది, ఇంతగా ఆలోచనలో పడేసినది ఇంకొకటి లేదు. ఇందులో పాత్రలన్నీ మట్టిబొమ్మలే. ఒక్క బొమ్మా కదలదు, పెదవి విప్పదు.

1975 ఏప్రిల్ 17న కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సేనలు ఫ్నోమ్ పెన్ నగరంలోకి ప్రవేశించేనాటికి రితీ చిన్న పిల్లవాడు. కొద్ది రోజుల్లోనే దాదాపు ఇరవై లక్షల జనాన్ని నగరం నుంచి పల్లెలకు, పొలాలకు తరిమేశారు. డబ్బు రద్దయింది, బడులు మూతపడ్డాయి, గుళ్లలో పూజ ఆగిపోయింది. అందరికీ ఒకే నల్లబట్టలు, ఒకే రకం జుట్టు, ఒకే కుండలోని పలచటి గంజి. మనిషికి సొంతమని మిగిలింది ఒక్క చెంచా. అంతటినీ నడిపేది ‘అంగ్కార్’, అంటే ముఖం లేని ‘సంస్థ’. 1979 జనవరిలో వియత్నాం సైన్యం వచ్చి ఆ పాలనను కూల్చేదాకా గడిచిన కాలాన్ని కంబోడియావాళ్లు ఇప్పటికీ మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు అనే చెప్పుకుంటారు. ఒక్క రోజునూ వదలరు. ఆ రోజుల్లో ఆకలికి, రోగానికి, చాకిరికి, హత్యలకు పోయినవాళ్లు దాదాపు పదిహేడు లక్షల నుంచి ఇరవై లక్షల మంది. అప్పటి దేశ జనాభాలో ఇది ఇంచుమించు నాలుగో వంతు. రితీ ఇంట్లో అమ్మ, నాన్న, అక్కచెల్లెళ్లు, చిన్న చిన్న పిల్లలు పోయారు. తను బతికి సరిహద్దు దాటి థాయిలాండ్ శిబిరానికి చేరాడు. అక్కడినుంచి ఫ్రాన్స్ వెళ్లి సినిమా చదువుకున్నాడు.

ఆ ఇంటి ఫొటోలు మిగల్లేదు. ఆ కాలపు దృశ్యాలు మాత్రం ఉన్నాయి. అవి తీసింది చంపినవాళ్లు. ఖ్మేర్ రూజ్ ప్రచారచిత్రాల్లో కాలువలు తవ్వేవాళ్లు బారులు తీరి నడుస్తుంటారు, మట్టితట్టలు చేతులు మారుతుంటాయి, నాయకులు చిరునవ్వుతో చప్పట్లు కొడుతుంటారు. బారుబారుల ఆ కదలికలో ఒక మనిషి ఇంకో మనిషిలా కాకుండా కనబడే క్షణం అరుదు. రితీ పాన్ ఆ రీళ్లను దాచలేదు. నేరుగా చూపిస్తాడు, వాటి పక్కనే తన బొమ్మల్ని పెడతాడు. కొన్నిచోట్ల ఆ నలుపు తెలుపు జనం ముందు రంగుబొమ్మను నిలబెడతాడు. ఇక్కడే ఈ సినిమాలోని అసలు విద్య పట్టుబడుతుంది. కదిలే బొమ్మ అబద్ధం చెబుతోంది. కదలనిది నిజం చెబుతోంది. నడకలూ చప్పట్లూ ఉన్న ఆ పాత రీళ్లలో మనకు ప్రాణం కనిపించదు. గడ్డి పక్కన కాళ్లు ముడుచుకు కూర్చున్న మట్టిపిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి ఊపిరి బిగపడుతుంది.

బొమ్మలు చేసిన శిల్పి పేరు సరిత్ మాంగ్. కాల్చని మట్టి. ఎండలో ఆరిన మట్టి. తడిస్తే మళ్లీ నేలలో కలిసిపోయేదే. ఇలాంటి బొమ్మల ముందు తెలుగు ప్రేక్షకుడు ఒక విధంగా అదృష్టవంతుడు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు ముందు కూర్చున్న పిల్లలకు, బొమ్మ కదలకపోయినా కథ కదులుతుందని ఎవరూ నేర్పక్కర్లేదు. మెట్ల మీద పెళ్లివారు, దుకాణం, పొలం, గుడి వరసగా ఉంటాయి. పక్కన కూర్చున్న అమ్మమ్మ గొంతే వాటికి నడక. రితీ పాన్ సినిమాలోనూ ప్రాణం గొంతులోనే ఉంది. క్రిస్తోఫ్ బతాయ్‌తో కలిసి రాసిన వ్యాఖ్యానాన్ని రాండల్ డూక్ ఫ్రెంచిలో చదివాడు. ‘నేను’ అని పలికేది దర్శకుడి జ్ఞాపకం, పలికే నోరు మాత్రం వేరొకరిది. ఆ చిన్న దూరం ఎంత మేలు చేసిందో! తన బాధను తనే చెప్పుకుంటే వినేవాడు ఓదార్చడానికి సిద్ధపడతాడు. ఇంకొకరు నిలకడగా చెబుతుంటే వింటూ ఉండిపోవడం తప్ప దారి లేదు.

రంగుల సంగతి చెప్పాలి. నగరం ఖాళీ కాకముందు ఇంటి బొమ్మల్లో అన్ని రంగులూ ఉంటాయి. పూలచీరల్లాంటి దుస్తులు, పళ్లెంలో చేప, గిటారు పట్టుకున్న కుర్రవాడు, సినిమా స్టూడియోలో బంగారు కిరీటాల నాట్యకత్తెలు. ఆ తర్వాత ఒక్కో రంగూ రాలిపోతూ వస్తుంది. బొమ్మలన్నీ నల్లబడతాయి. ఆ నల్లటి గుంపులో ఒక్క పిల్లవాడి చొక్కా మీద మాత్రం రంగు చుక్కలు మిగులుతాయి. అతను రితీ. నిజంగా అతనికి ఆ చొక్కా ఉండనిచ్చేవారు కాదని మనకు తెలుసు. అయినా శిల్పి ఆ చుక్కలు పెట్టాడు. గుంపులో అతన్ని వెతుక్కోవడం మనకు అలవాటవుతుంది. కాసేపటికి మిగతా నల్లబొమ్మల ముఖాల మీదకూ చూపు పోతుంది. ఒకరి కళ్లు కిందికి వాలి ఉన్నాయి, ఒకరి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఒక స్త్రీ భుజం వంగి ఉంది. ఏ రెండు ముఖాలూ ఒకటి కావు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా చేశారు. మనిషికి మనిషికి తేడా చెరిపేయడం మీద నిలబడిన రాజ్యానికి ఇంతకంటే నిక్కచ్చి జవాబు నేను చూడలేదు.

ఆకలి ముదిరేకొద్దీ బొమ్మలూ మారతాయి. పొట్టలు వీపులకు అంటుకుంటాయి, ఎముకలు లెక్కపెట్టేలా మట్టిలో గీతలు పడతాయి. శిల్పి కొత్త కష్టాన్ని ప్రతిసారీ మళ్లీ చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ కష్టం ఎంతటిదో తెర మీద తెలుస్తూనే ఉంటుంది.

ఇందులో కొన్ని ఘట్టాలు చెప్పేటప్పుడు గొంతు ఇంకా పొడిబారుతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు తన తల్లి మామిడికాయలు కోసిందని సభలో నిలబడి ఫిర్యాదు చేస్తాడు. ఆమెను అడవిలోకి తీసుకుపోతారు. ఆ తర్వాత ఆమె సంగతి చెప్పడానికి ఏమీ లేదు. పిల్లవాడి బొమ్మ, తల్లి బొమ్మ, చుట్టూ కూర్చున్న నల్లబొమ్మలు అలా ఉండిపోతాయి. దర్శకుడు ఆ పిల్లవాణ్ణి తిట్టడు, క్షమించడు. మారణహోమం ఎక్కడ మొదలవుతుందని ఎవరన్నా అడిగితే నేను వధ్యశిలల్ని చూపించను, ఈ సభను చూపిస్తాను. అక్కడ తుపాకీ ఎవరూ ఎత్తలేదు. ఒక మామిడికాయ, ఒక బిడ్డ నోటి మాట, ఊరు ఊరంతా మాట్లాడకుండా కూర్చోవడం. అంతే.

ఇక తండ్రి. ఆయన బడులతో, విద్యాశాఖతో జీవితం గడిపినవాడు. ఒకనాడు తిండి మానేశాడు. మనుషులు తినదగ్గ తిండి కానిది తినను అన్నాడు. అరిచి ఎదిరించే దారి లేనిచోట ఒంటినే ఎదురు నిలబెట్టాడు. ఆ నిర్ణయం కుమారుడికి అప్పుడు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. ఆయన పోయాక కర్మకాండ ఏమీ లేదు. ఆ రాత్రి తల్లి కొడుకు పక్కన పడుకుని, అలాంటి పెద్దమనిషికి, అలాంటి పంతులుగారికి జరగవలసిన అంత్యక్రియల్ని మాటల్లో జరిపించింది. ఎవరెవరు వస్తారో, ఎలాంటి బట్టలు కడతారో, ఏమేం చేస్తారో అన్నీ చెబుతూ పోయింది. తెర మీద ఆ మాటలు బొమ్మలై వరసగా నిలుస్తాయి. తెల్లబట్టలు, పూలు, సన్యాసులు. జరగని అంత్యక్రియలు జరిగినంత నిండుగా కనిపిస్తాయి. ఈ సినిమా మొత్తం ఆ తల్లి మాటలకు కొనసాగింపని నాకు అనిపిస్తుంది. చీకట్లో ఆమె చేసిన పనినే కొడుకు పెద్దయ్యాక కెమెరాతో చేశాడు.

శోకం రసమెలా అవుతుందన్నది మన ఆలంకారికుల పాత ప్రశ్న. లోకంలో ఏడిపించేది కావ్యంలో ఆస్వాదించదగినదిగా ఎలా మారుతుంది? భట్టనాయకుడు, ఆ తర్వాత అభినవగుప్తుడు సాధారణీకరణమనే భావంతో జవాబు చెప్పారు. నాటకంలోని శోకం ఇది ఫలానావాడిది, నాది, శత్రువుది అన్న కట్టు తెంచుకుని అందరిదీ అవుతుంది, అప్పుడే అది రుచికి వస్తుంది. ఇరవై లక్షల మరణాల ముందు నిలబడ్డ కళాకారుడికి ఈ సిద్ధాంతం దారి చూపుతూనే గడ్డు పరీక్ష కూడా పెడుతుంది. ఎందుకంటే, హంతకులు చేసిందీ ఒక రకంగా ఫలానావాళ్లను తీసేయడమే. తెల్లసూటును, పంతులు ఉద్యోగాన్ని, గిటారును తీసేసి, నల్లబట్టల ‘ప్రజ’ను మిగిల్చారు. అలాంటప్పుడు పోయినవాళ్ల శోకాన్ని ఎవరిదో కానిదిగా చేయడం ఎంతవరకు తగును?

రితీ పాన్ పట్టు చూడండి. అతను మట్టినే వాడాడు, ఎవరి చేతికైనా దొరికే మట్టి. ముఖాల్లో ఒక తండ్రి పోలిక ఉన్నా అందులో మన తండ్రి కనబడడానికి అడ్డమేమీ లేదు. ఆమేరకు శోకం అందరిదీ అయింది. కానీ సూటు తెలుపు, టై ముదురు రంగు, చొక్కా మీద చుక్కలు, ఒక చెంచా, ఒక మామిడికాయ వంటివి అతను వదలడు. ఎంత కరిగినా ఇది ఆ ఇంటి శోకమేనని అవి గట్టిగా పట్టుకుని ఉంటాయి. రసం పండాక కూడా ఫలానావాడు చెరిగిపోడు. అభినవగుప్తుడు ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు గానీ, మారణహోమాన్ని తలచుకునే కళకు ఇంతకంటే వేరే ధర్మం లేదని నేను నమ్ముతున్నాను. భవభూతి ‘ఉత్తర రామచరితం’ మొదటి అంకంలో సీతారాములు తమ కథను చిత్రపటాలుగా చూస్తూ మళ్లీ బాధపడతారు. దాటివచ్చిన కష్టం బొమ్మలో కనబడగానే కొత్తగా తగులుతుంది. బొమ్మలో చూసిన శోకం అసలు శోకం కంటే ఎందుకు లోతుగా దిగుతుందో భవభూతికి తెలుసు. చిత్రదర్శనం అయ్యీ అవకముందే సీతను అడవికి పంపే మాట రావడం ఇంకా పెద్ద సంగతి.

సీత పేరు ఇక్కడ ఊరికే రాలేదు. ఫ్నోమ్ పెన్‌లో ఒక హైస్కూలును ఖ్మేర్ రూజ్ ఎస్-21 అనే చెరసాలగా మార్చింది. ఇప్పుడది తువోల్ స్లెంగ్ మ్యూజియం. అక్కడ చిత్రహింసలు పడి చనిపోయినవాళ్లు 12 వేలకు పైమాటే అని అంతర్జాతీయ మద్దతుతో నడిచిన కోర్టు తేల్చింది. వారిలో బోఫానా అనే యువతి ఒకరు. భర్తకు ప్రేమలేఖలు రాయడం ఆమె మీద మోపిన నేరాల్లో ఒకటి. ఆ లేఖల్లో ఆమె తనకు పెట్టుకున్న పేరు సీత. రామాయణం కంబోడియాలో ‘రామకేర్తి’. మన వీధుల్లో ఎంత సొంతమో అక్కడా అంత సొంతం. హింసించినవాళ్లే ఆ ఉత్తరాలను ఫైలులో దాచడం వల్ల అవి మిగిలాయి. 1977లో ఆమెనూ, భర్తనూ చంపేశారు. 1996లో ఆమె మీద సినిమా తీసిన రితీ పాన్, తర్వాత 2006లో కంబోడియా దృశ్య, శ్రవణ జ్ఞాపకాలను సేకరించి భద్రపరిచే కేంద్రం నెలకొల్పి దానికి ఆమె పేరే పెట్టాడు. నవయువకులు అక్కడికి వచ్చి పాత పాటలూ పాత సినిమాలూ ఉచితంగా చూసి పోతుంటారు.

ఎస్-21 మీద 2003లో అతను తీసిన సినిమాలో ఒక దృశ్యం ఉంది. దాని పక్కన పెడితే ‘ద మిస్సింగ్ పిక్చర్’ ఇంకా బాగా తెలుస్తుంది. ఒకప్పటి కాపలావాడు ఇప్పుడు ఖాళీగా ఉన్న గదిలోకి వెళ్తాడు. లేని ఖైదీలను అదిలిస్తాడు, లేని తాళాలు తనిఖీ చేస్తాడు, లేని బకెట్టు అందిస్తాడు, మళ్లీ బయటికి వచ్చి గడియ పెడతాడు. ఒళ్లు అన్నీ మరచిపోకుండా దాచుకుంది. కెమెరా అతని వెంట లోపలికి వెళ్లదు, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నేల మీద ఖైదీలు పడుకుని ఉన్నట్టే, వాళ్లను తొక్కకూడదన్నట్టే. సినిమా చరిత్రలో ఇంతకంటే మర్యాదస్తురాలైన కెమెరా ఉందా అని ఆశ్చర్యపోతూ ఉంటాను. లేనివాళ్లు ఆ గదిలో ఉన్నారు, ఎందుకంటే ఆగిన కెమెరా వాళ్లు ఉన్నారని ఒప్పుకుంది. అదే సినిమాలో వాన్ నాథ్ కనిపిస్తాడు. ఎస్-21 నుంచి ప్రాణాలతో బయటపడ్డ అతి కొద్దిమందిలో ఒకడు. ఖ్మేర్ రూజ్ అధినేత పోల్ పాట్ చిత్రాలు గీయగలడు కాబట్టి బతికాడు. తన చేతి బొమ్మలే సాక్ష్యాలుగా అతను పాత కాపలావాళ్లను మెత్తగా, వదలకుండా ప్రశ్నిస్తాడు.

ఖ్మేర్ రూజ్ చేతిలో పోయినవాళ్లలో ఎక్కువమంది ఖ్మేర్‌లే. చామ్ ముస్లింలూ, అక్కడి వియత్నామీయులూ ప్రత్యేకంగా వేటకు గురయ్యారు. 2018 నవంబర్‌లో ఇద్దరు అగ్రనాయకులకు జీనోసైడ్ నేరం కింద శిక్ష పడింది: నువాన్ చియాకు ఈ రెండు వర్గాల విషయంలో, ఖియూ సంపాన్‌కు వియత్నామీయుల విషయంలో మాత్రమే. అసలు పోల్ పాట్ 1998లో, అంతర్జాతీయ కోర్టు తీర్పనేది ఏదీ వినకుండానే చనిపోయాడు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చినప్పుడు దేశాలు మాట ఇచ్చింది జీనోసైడ్‌ను శిక్షించడానికి మాత్రమే కాదు, ముందే ఆపడానికి కూడా. మూడు దశాబ్దాలు గడవకముందే కంబోడియాలో ఇది జరిగింది. జరిగాక కూడా పదేళ్లకు పైగా ఐక్యరాజ్యసమితిలో ఆ దేశపు కుర్చీ హంతకుల వైపే ఉండిపోయింది. చదవగానే కోపం వస్తుంది. రావాలి కూడా. పటం మీద గెలుపోటముల లెక్కల కోసం ఇరవై లక్షల మంది చావును వాదనలోంచి పక్కకు తప్పించారు.

అందుకే రితీ పాన్ ‘ద మిస్సింగ్ పిక్చర్’ చివర్లో పూడ్చే దృశ్యాన్ని అంత సేపు చూపించాడేమో. గోతిలో ఒక బొమ్మ పడుకుని ఉంటుంది. మీద మన్ను పడుతుంది. ముఖం మునుగుతుంది. మళ్లీ తేలుతుంది. మళ్లీ మన్ను. ఎన్నిసార్లు పూడ్చినా అది మునిగిపోయిందని మనకు ఊరట దొరకదు. ఇక చాలు అనిపించే చోట ఇంకొకసారి పడుతుంది మన్ను. అందమైన ముగింపు కోసం చూసేవారిని ఇక్కడ దర్శకుడు బుజ్జగించడు. మార్క్ మార్డర్ సంగీతం కూడా ఆ చోట కన్నీటిని ఎగదోయదు, పక్కకు జరిగి నిలబడుతుంది. కరుణ ఇక్కడ ఆస్వాదన అంచు దాకా వచ్చి ఆగుతుంది. నేను దీన్ని లోపమని అనలేను. తృప్తిగా లేచి వెళ్లనివ్వకపోవడమే ఈ ఘట్టపు గొప్పతనం.

ఇన్నేళ్ల తర్వాత కూడా మట్టిబొమ్మలు అతన్ని వదల్లేదు. 2024లో కాన్‌కు వచ్చిన ‘మీటింగ్ విత్ పోల్ పాట్’లో నటీనటుల మధ్యకు బొమ్మలు మళ్లీ వచ్చాయి. 1978 డిసెంబర్‌లో పాలకుల ఆహ్వానం మీద కంబోడియా వెళ్లిన ముగ్గురు విదేశీయుల కథ దాని ఆధారం. ఎలిజబెత్ బెకర్, రిచర్డ్ డడ్‌మన్ అనే అమెరికా విలేకరులు, ఆ పాలనను సమర్థిస్తూ వచ్చిన బ్రిటిష్ అధ్యాపకుడు మాల్కమ్ కాల్డ్‌వెల్. కార్లో తిప్పి, ఎంచిన చోట్లే చూపించారు. ఆ పర్యటన చివరి రాత్రి కాల్డ్‌వెల్‌ను అతిథిగృహంలోనే కాల్చిచంపారు. సినిమాలో, అతిథుల చూపుకు తెర దించేసిన చోట్ల దర్శకుడు బొమ్మల్ని పెట్టాడు. కెమెరా పట్టుకుని దారి తప్పి ఆ తెర వెనక్కు పోబోయిన ఫొటోగ్రాఫర్ పాత్రనూ సృష్టించాడు. ఎలిజబెత్ బెకర్ మాత్రం చూసింది రాస్తూనే వచ్చారు. బోఫానా ప్రేమలేఖల ఫైలును లోకానికి వినిపించింది మొదట ఆమె పుస్తకమే. 2015 ఫిబ్రవరిలో ఫ్నోమ్ పెన్‌లోని అదే అంతర్జాతీయ మద్దతు కోర్టు ఆమెను నిపుణురాలిగా సాక్ష్యానికి పిలిచింది. అప్పటికి ఆ కారు ప్రయాణం జరిగి ముప్పై ఆరేళ్లు దాటింది. నువాన్ చియా, ఖియూ సంపాన్ ఇద్దరూ అదే కేసులో ముద్దాయిలు.